కొత్త స్కానర్, పాత సర్వర్

ప్రశ్న: మా నర్సింగ్ హోమ్‌లో కొత్త సీటీ స్కానర్ పెట్టాం. పదేళ్ల నాటి ప్యాక్స్ (స్కాన్ బొమ్మలు దాచే) సర్వర్‌కి పింగ్ వెళ్తోంది కానీ బొమ్మలు చేరడం లేదు. స్కానర్ అమ్మినవాళ్లు సర్వరే మార్చమంటున్నారు. తప్పదా?

జవాబు: తొందరపడకండి. అమ్మేవాళ్లు అమ్మకం మాటే చెబుతారు. పింగ్ వెళ్లిందంటే వైరు బాగుందనే అర్థం, అంతే. స్కానర్ నుంచి డైకామ్ ఎకో (బొమ్మలు పంపుకునే డైకామ్ పద్ధతిలో కనెక్షన్ పరీక్ష) పంపి చూడండి. అది ఆగిపోతే రెండువైపులా ఏఈ టైటిల్ (డైకామ్‌లో యంత్రం పేరు), ఐపీ, పోర్టు సరిచూడండి. ఏఈ టైటిల్ 16 అక్షరాలు మించకూడదు, చిన్న బడి, పెద్ద బడి అక్షరాల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. సగం కేసులు ఇక్కడే తేలిపోవడం చూశాను.

ఎకో వెళ్లి బొమ్మలే ఆగితే, అసలు చిక్కు భాషది. కొత్త యంత్రాలు వందల స్లైసులను ఒకే ఫైలుగా కట్టే ‘ఎన్‌హాన్స్‌డ్ సీటీ’ రూపంలోనో, జేపెగ్ 2000లో కుదించో పంపగలవు. పాత సర్వర్‌కి అవి అర్థం కాకపోతే తిప్పికొడుతుంది. స్కానర్ సెట్టింగుల్లో మామూలు సీటీ రూపం, కుదింపు లేని ‘ఇంప్లిసిట్ వీఆర్ లిటిల్ ఎండియన్’ ఎంచుకోమని ఇంజనీరుని అడగండి. స్కానర్, సర్వర్ రెండింటి డైకామ్ కన్ఫార్మెన్స్ పత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ పొసగడం లేదో దొరుకుతుంది. స్కానర్‌లో కుదింపు ఆపే వీలు లేకపోతే మధ్యలో ఆర్థాంక్ లాంటి ఉచిత సర్వర్ పెట్టి, కుదింపు విప్పి పంపించవచ్చు.

మీ పాత సర్వర్ విండోస్ 7 మీద నడుస్తుంటే మాత్రం సంగతి వేరు. 2020 జనవరితో దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. మార్చేదాకా ఇంటర్నెట్ కనెక్షన్ తీసేసి, వేరే నెట్‌వర్క్‌లో ఉంచండి.