మారేడు కాయ కషాయము – అతిసారము

పాలకుర్తి సోమేశ్వరునకు, కురవి వీరభద్రునకు, కాళేశ్వర ముక్తేశ్వరునకు మారేడు దళములతో పూజ జరుగును. కనుక జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల గ్రామస్థులకు ఈ చెట్టును పరిచయము చేయనక్కరలేదు. విరేచనములు పట్టుకొన్నపుడు పచ్చి మారేడు కాయ గుజ్జును ఎండబెట్టి, కషాయము కాచి త్రాగుట మన దేశమున చిరకాలముగా నున్న ఆచారము. ఈ కషాయమును ఎంతవరకు నమ్మవచ్చును? గ్రామారోగ్యమునకు బాధ్యులైన పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనుట అవసరము.

ముంబయి నగరములోని వైద్య పరిశోధకులు ఎండిన పచ్చికాయ గుజ్జు కషాయమును ప్రయోగశాలలో పరీక్షించి, 2009లో ఫలితములను ప్రకటించిరి. అతిసారమును కలిగించు బాక్టీరియా అను సూక్ష్మజీవులను ఈ కషాయము చంపలేదు. కాని అవి కణములను అంటుకొనుటను, లోనికి చొచ్చుకొనిపోవుటను తగ్గించెను. కలరా క్రిమి విషము పుట్టుటను, అది తన గ్రాహకమునకు పట్టుకొనుటను కూడ కొంత అడ్డుకొనెను. జియార్డియా అను పరాన్నజీవిపైనను, పసిపిల్లలను బాధించు రోటా వైరసుపైనను దీని ప్రభావము కనబడెను. పెద్దల అనుభవము నిరాధారము కాదని దీనివలన తెలియుచున్నది.

అయితే రెండు విషయములు మరువరాదు. మొదటిది: ఈ గుణము పచ్చికాయది. పండిన మారేడును మలబద్ధకమునకు వాడుట ఆచారము. రెండవది: ప్రయోగశాలలోని ఫలితము రోగి శరీరములో నిరూపితమైన చికిత్స కాదు.

అతిసారములో ప్రాణము తీయునది ముఖ్యముగా శరీరమునుండి నీరును, లవణములును పోవుటయే. పోయిన నీటిని కషాయము పూరింపజాలదు. ఆ పని ఓ.ఆర్.ఎస్. ద్రావణము చేయును. చక్కెర, ఉప్పు తగిన పాళ్లలో కలిసినపుడు, విరేచనములగుచున్నను ప్రేగులు నీటిని పీల్చుకొనును. 1971లో బంగ్లాదేశ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఈ ద్రావణముతో వేలమందిని కాపాడెను. పెద్ద పొట్లమును ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో పూర్తిగా కలుపవలెను; 24 గంటలు దాటిన ద్రావణమును పారబోయవలెను. పిల్లలకు వైద్య సిబ్బంది చెప్పిన మోతాదులో జింకు మాత్రలను 14 దినములు ఈయవలెను. తల్లిపాలు మానిపింపరాదు.

మలములో రక్తము పడినను, కన్నులు లోతునకు పోయినను, మూత్రము తగ్గినను, బిడ్డ పాలు త్రాగలేక మగతగా నున్నను, కషాయము కాచుచు కాలము గడుపరాదు. వెంటనే దవాఖానకు చేర్చవలెను. పసిపిల్లలకు ఇంటిలో కషాయము పట్టరాదని మా మనవి.

ఇక పంచాయతీ చేయదగినవి మూడు. వానలు మొదలగుటకు పూర్వమే నీటి ట్యాంకులు కడిగించి, క్లోరిన్ కలిపించి, పగిలిన గొట్టములను బాగుచేయింపవలెను. ఆశా కార్యకర్త వద్ద ఓ.ఆర్.ఎస్. పొట్లములు, జింకు మాత్రలు చాలినన్ని ఉన్నవా యని సమావేశమున విచారింపవలెను. గ్రామ నర్సరీలో మారేడు మొక్కలను పెంచి, గుడి, బడి ఆవరణలలో నాటింపవలెను.

మారేడు మనకు మంచి తోడు. కాని ముందు ప్రాణము నిలుపునది ఓ.ఆర్.ఎస్. ద్రావణము, రోగమే రాకుండ కాచునది శుభ్రమైన నీరు. ఈ వరుసను ప్రతి యింటికిని తెలియజేయుట సభ్యుల కర్తవ్యము.