ఒకే మాట – వేరు వేరు పలుకులు



మన మారిషస్ బడులలో మీరు ఇంగ్లీషు, ఫ్రెంచి, తెలుగు నేర్చుకుంటున్నారు. ఒకే మాటను ఇద్దరు రెండు విధాలుగా పలికితే మీకు నవ్వు వస్తుంది. ఎవరిది తప్పు అని అడుగుతారు. నవ్వే ముందు ఈ పాఠం చదవండి.

1066వ సంవత్సరంలో ఫ్రాన్సులోని నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును జయించాడు. ఆ తరువాత చాలా కాలం అక్కడి రాజులు ఫ్రెంచి మాట్లాడారు. వారి భోజనపు మాటలెన్నో ఇంగ్లీషులో చేరాయి. ఫ్రెంచివారు గొర్రెను 'ముతోఁ' అంటారు. చివరి ధ్వనిని ముక్కుతో పలుకుతారు. ఇంగ్లీషువారి నోట అది 'మటన్' అయింది. గొర్రె మాంసానికి పేరుగా నిలిచింది.

ఎముకలు తీసిన చేపముక్కను ఫ్రెంచివారు 'ఫిలే' అంటారు. వ్రాతలో చివర టీ అక్షరం ఉన్నా పలకరు. అమెరికావారు కూడా 'ఫిలే' అనే అంటారు. బ్రిటనువారు మాత్రం 'ఫిలిట్' అని ఆ అక్షరాన్ని పలుకుతారు.

వంటలో వేసే సువాసన ఆకులను బ్రిటనువారు 'హర్బ్' అనీ, అమెరికావారు 'అర్బ్' అనీ అంటారు. అమెరికావారు హకారాన్ని మింగేశారని అనుకుంటున్నారా? ఈ మాట ఫ్రెంచి నుండి వచ్చినప్పుడు దానిలో హకారం పలికేవారు కారు. లాటిను మాట 'హెర్బా'ను చూచి, తరువాత వ్రాతలో చేర్చారు. బ్రిటనులో దానిని పలకడం 19వ శతాబ్దంలో అలవాటయింది. అంటే అమెరికావారిదే పాత పలుకు!

తెలుగు సంగతి చూడండి. ఫ్రెంచి 'ఒమ్లెట్' ఇంగ్లీషులో 'ఆమ్లెట్' అయింది. అక్కడి నుండి మనకు వచ్చి 'ఆమ్లెట్టు' అయింది. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే చివర ఉకారం చేరింది.

అరువు వచ్చిన మాట చుట్టంగా వచ్చి, ఆ ఇంటి పద్ధతికి అలవాటుపడి, ఇంటి మనిషి అవుతుంది. కాబట్టి ఫ్రెంచి మాట్లాడేటప్పుడు ఫ్రెంచి పలుకు నేర్చుకోండి. ఇంగ్లీషులో ఇంగ్లీషు పలుకు, తెలుగులో తెలుగు పలుకు వాడండి. మీ అమ్మమ్మ 'ఆమ్లెట్టు' అంటే దిద్దకండి. ఆమె చక్కని తెలుగు పలుకుతున్నది.

ప్రశ్నలు

1. 'ఫిలే' అనే మాటను బ్రిటనువారు ఎలా పలుకుతారు?
2. 'హర్బ్', 'అర్బ్' – వీటిలో పాత పలుకు ఏది? ఎందుకు?
3. బస్సు, కారు – ఇటువంటి అరువు మాటలు మరి ఐదు వ్రాయండి.