చీకట్లో పెట్టే ముగ్గు

వంటిల్లు సర్దేసి, పిల్లల్ని పడుకోబెట్టి, లైట్లన్నీ ఆర్పేశాక మనకంటూ ఓ అరగంట మిగులుతుంది చూడండి, దాన్ని ఫోన్ చూస్తూ పారేసుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రండి, ఇలా కూర్చోండి. టీ తాగుతూ ఓ మంచి పని చెబుతాను. చీకటి గదిలో చిన్న టార్చితో గాల్లో గీసి, ఆ గీతని ఫొటో తీద్దాం. దీన్నే లైట్ పెయింటింగ్ అంటారు.

"కెమెరా సంగతులు మనకేం తెలుసక్కా" అంటారేమో. తెలుసుకోవాల్సింది ఒక్కటే. మామూలు ఫొటోకి కెమెరా రెప్పపాటులో కన్ను మూసేస్తుంది. మనం దాన్ని 20 సెకన్ల పాటు తెరిచే ఉంచుతాం. ఆ కాసేపట్లో వెలుగు ఎక్కడెక్కడ తిరిగిందో ఆ దారంతా ఫొటోలో నిలిచిపోతుంది. చీకట్లో కదులుతున్న మనం మాత్రం కనబడం. అంతే!

ఖరీదైన కెమెరా లేదని దిగులా? ముందు మన ఫోన్‌లో ప్రో మోడ్ ఉందేమో చూసుకుందాం. ఐఎస్‌ఓ 100, షట్టర్ 15 నుంచి 20 సెకన్లు పెట్టండి. ఐఫోన్ అయితే లైవ్ ఫొటో తీసి, తర్వాత దాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చుకోవచ్చు. కాకపోతే అందులో మూడు సెకన్లే దొరుకుతాయి కాబట్టి చిన్న గీతతో సరిపెట్టుకోవాలి. అటకమీద పాత డిజిటల్ కెమెరా ఉంటే ఇంకా మంచిది. మాన్యువల్ మోడ్, ఐఎస్‌ఓ 100, అపర్చర్ ఎఫ్ 8, 20 సెకన్లు... ఇక్కడ మొదలుపెట్టండి.

ట్రైపాడ్ కొనకండి అప్పుడే. ఓ గుడ్డసంచిలో కిలో బియ్యం పోసి మూతి కట్టి, స్టూలు మీద పెట్టి, ఫోన్‌ని అందులోకి కాస్త నొక్కితే కదలకుండా నిలబడుతుంది. బటన్ నొక్కేటప్పుడు చెయ్యి తగిలి అదురుతుంది కాబట్టి 10 సెకన్ల టైమర్ పెట్టండి. చీకట్లో కెమెరాకి ఫోకస్ దొరకదు. లైటు ఉండగానే మనం నిలబడబోయే చోట కుర్చీ వేసి, దాని మీద ఫోకస్ చేసి, కదలకుండా లాక్ చేసుకుని, అప్పుడు లైటు ఆర్పాలి. దారిలో బొమ్మలూ స్టూళ్లూ లేకుండా ముందే తీసేయండమ్మా, కాళ్లు కొట్టుకుంటాయి.

టార్చి ఎంత చిన్నదైతే అంత మేలు. దాని ముఖానికి నల్లకాగితం అంటించి, మినపగింజంత రంధ్రం చేస్తే గీత సన్నగా వస్తుంది. రంగు కావాలంటే రంగు సెల్లోఫేన్ కాగితం ముక్క చుట్టేయండి.

"నాకు బొమ్మలు రావు" అని మాత్రం నా దగ్గర అనొద్దు. మనకి ముగ్గు రాదూ? చెయ్యెత్తకుండా మెలికల ముగ్గు తిప్పే చేతికి ఇంతకంటే ఏం కావాలి! చుక్క కావాల్సిన చోట టార్చి వెలిగించి ఆర్పేయండి, మెలిక తిప్పేటప్పుడు వెలిగించే ఉంచండి. వెలుగు మాత్రం కెమెరా వైపే చూస్తుండాలి. పేరు రాస్తే అద్దంలోలా తిరగబడి వస్తుంది, కంగారుపడకండి. ఎడిట్‌లోకి వెళ్లి ఫ్లిప్ చేస్తే సరి.

మొదటి ఫొటో పాడైతే మనసు చిన్నబుచ్చుకుంటామా? గది మరీ వెలుగ్గా వస్తే సెకన్లు తగ్గించండి, రౌటర్, ఇన్వర్టర్‌ల మీద వెలిగే చిన్న లైట్లు కనబడకుండా తువ్వాలు కాసేపు అడ్డం పెట్టండి. గీత పాలిపోయి వస్తే సెకన్లు పెంచి లాభం లేదు, చెయ్యి నిదానంగా కదపాలి. మన రూపం మసకగా పడుతుంటే ముదురురంగు బట్టలు కట్టుకోండి. కాకరపువ్వొత్తులతో కూడా అందంగా వస్తుంది, కానీ అది ఇంట్లో వద్దు. డాబా మీద, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని చేద్దాం.

ఇదేదో పిల్లల ఆట అనుకునేరు. 1949లో ఫ్రాన్స్‌లోని వల్లోరిస్‌లో ఫొటోగ్రాఫర్ జాన్ మిలీ ఎదుట పికాసో అంతటివాడు చీకట్లో లైటు పట్టుకుని గాల్లో బొమ్మలు గీశాడు. అంతకు ముందే అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఆవిడ, భర్త ఫ్రాంక్‌తో కలిసి పనివాళ్ల వేళ్లకి చిన్న దీపాలు కట్టి ఇలాంటి ఫొటోలే తీసింది. చెయ్యి ఎక్కడ వృథాగా తిరుగుతోందో చూసి, పనిలో శ్రమ తగ్గించడానికట. పన్నెండుమందిని కన్న తల్లి మరి, చేతుల అలుపు ఆవిడకి తెలియదూ!

ఈ మాట చదివినప్పుడు నాకు మా అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. మోకాళ్లు సహకరించక అమ్మ వాకిట్లో ముగ్గు మానేసి చాలా రోజులైంది. ఓ రాత్రి కుర్చీలో కూర్చోబెట్టి, నల్లశాలువా కప్పి, టార్చి చేతిలో పెట్టాను. "గాల్లో ముగ్గేమిటే" అంటూనే మొదలుపెట్టింది. ముందు చుక్కలు, వెలిగిస్తూ ఆర్పుతూ, మూడు వరసలు. తర్వాత మెలిక. ఏ చుక్క ఎక్కడుందో ఆ చీకట్లో ఆవిడ మణికట్టుకి తెలుసు. ఫొటో చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తుంటే, వేలు పెట్టి చూపించింది. "ఇదుగో, ఈ మూల మెలిక కలవలేదు. లైటు తీసెయ్, మళ్లీ పెడతాను."

మీ ఇంట్లోనూ అలాంటి చెయ్యి ఒకటి ఉంటుంది. టీ అయిపోయింది కదా, వెళ్లి టార్చిలో బ్యాటరీ ఉందో లేదో చూడండి.