బొగ్గు గడ్డ మీద ఎండ కరెంటు

అమ్మలూ,

కావలసినంత బొగ్గు ఉన్న దేశం ఎండ కరెంటు వెంట ఎందుకు పడుతుందని అడిగావు. ఆస్ట్రేలియాను చూడు. బొగ్గు, గ్యాస్ ఎగుమతిలో అది ముందు వరుస దేశం. అయినా అక్కడ ఇంచుమించు మూడిళ్లకొకటి సోలార్ ఇల్లే. ఎండకు కొదవలేదు, ప్రభుత్వ ప్రోత్సాహకాలు తోడయ్యాయి, ప్యానెళ్ల ధర దిగింది. పాత బొగ్గు కేంద్రాలకేమో మరమ్మతుల ఖర్చు పెరిగింది.

కరెంటు చౌకగా తయారవుతుంది సరే, దాన్ని నిలకడగా ఉంచడమే అసలు పని. దక్షిణ ఆస్ట్రేలియా ఆ పాఠం కష్టపడి నేర్చుకుంది.

ఆ రాష్ట్రంలో చివరి బొగ్గు కేంద్రం పోర్ట్ అగస్టాలో 2016 మేలో మూతపడింది. ఆ సెప్టెంబరు 28న పెనుగాలికి హైటెన్షన్ టవర్లు కూలాయి. వోల్టేజి పదేపదే పడిపోయేసరికి, రక్షణ సెట్టింగుల వల్ల కొన్ని గాలిమరల కేంద్రాలు ఉత్పత్తి తగ్గించేశాయి. భారమంతా విక్టోరియా నుంచి వచ్చే లైను మీద పడి అదీ ట్రిప్పయింది. రాష్ట్రమంతా చీకటి. తర్వాత ఆ సెట్టింగులు మార్చారు.

ఇంకో చిక్కూ ఉంది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. స్విచ్ కట్టేసినా కాసేపు తిరిగే ఫ్యానులా, బొగ్గు కేంద్రంలోని బరువైన రోటర్ల ఊపు ఫ్రీక్వెన్సీని చటుక్కున పడిపోనివ్వదు. సోలార్ ప్యానెల్లో తిరిగేదేమీ లేదు.

అందుకే 2017 డిసెంబరు 1న జేమ్స్‌టౌన్ దగ్గర హార్న్స్‌డేల్‌లో టెస్లా తయారుచేసిన 100 మెగావాట్ల బ్యాటరీ పనిలోకి దిగింది. అదే నెల 14న విక్టోరియాలోని లాయ్ యాంగ్ బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ ట్రిప్పై 560 మెగావాట్లు పోయాయి. దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని బ్యాటరీ రెప్పపాటులో కరెంటు అందించింది. ఇచ్చింది ఏడు మెగావాట్ల పైచిలుకే! అందరినీ ఆకట్టుకున్నది దాని వేగం. ఆపైన 2021లో నాలుగు సింక్రనస్ కండెన్సర్లు వచ్చాయి. అవి బొగ్గు అక్కర్లేకుండా, గ్రిడ్ కరెంటుతోనే తిరుగుతూ పాత రోటర్ల ఊపును అందించే యంత్రాలు.

2020 అక్టోబరు 11 మధ్యాహ్నం ఒక గంటపాటు ఆ రాష్ట్రపు వాడకమంతా సోలారే తీర్చింది. అయితే మిగులు కూడా బెడదే. కొత్తగా పెట్టే ఇంటి సోలార్‌ను అవసరమైతే దూరం నుంచే ఆపగలిగేలా ఉండాలని ఆ ఏడే నిబంధన తెచ్చారు.

నీ ప్రాజెక్టుకు ఒక పని చెబుతాను. మన గ్రిడ్‌దీ 50 హెర్ట్జే. ఒక రోజు మధ్యాహ్నం పన్నెండింటికీ, సాయంత్రం ఏడింటికీ మన రాష్ట్ర వాడకమెంత, అందులో సోలార్ ఎంత ఉందో లోడ్ డిస్పాచ్ సెంటర్ లెక్కల్లో చూసి గ్రాఫు గీయి. సాయంత్రం సోలార్ తగ్గిన లోటును దేనితో పూడుస్తున్నారో కింద రాసి నాకు పంపు.

మీ తాతయ్య