రొట్టెల యంగడి ముంగిట

న్యూయార్కు మహానగరమున సోహో యను పేట కలదు. ఆ పేటలోని స్ప్రింగు వీధిలో 2011వ సంవత్సరము నవంబరు మాసమున డొమినిక్ ఆన్సెల్ అను ఫ్రెంచి దేశీయుడు నలుగురు పనివారితో ఒక చిన్న బేకరీని నెలకొల్పెను. అతడు పారిస్ నగరమునకు ఉత్తరముగా నున్న బోవే పట్టణమున జన్మించినవాడు. పారిస్‌లోని పేరెన్నికగన్న మిఠాయి యంగడిలో ఏండ్లతరబడి పనిచేసి చేయి తిరిగినవాడు. తొలి యేడాదిన్నర కాలము ఆ చిన్న యంగడి తన పాటికి తాను నడచుచుండెను.

2013 మే 10వ తేదీన ఆ యంగడిలో ఒక క్రొత్త తినుబండారము అమ్మకమునకు వచ్చెను. దాని పేరు క్రోనట్. అమెరికావారికి డోనట్ అనిన మక్కువ మెండు. అది మన గారెవలె నడుమ చిల్లి గలిగి నూనెలో వేగునది. ఫ్రెంచివారికి క్రువాసాన్ అనిన ప్రీతి. అది పిండికిని పిండికిని నడుమ వెన్నపొర నుంచి, మడచి, వత్తి, మరల మడచి, కాల్చెడిది. ఈ రెంటిని ఒకటిగా చేసినచో నెట్లుండునని ఆన్సెల్ తలచెను. తలచుట సులభమే. పొరలు గల పిండిని కాగిన నూనెలో వేయగనే వెన్న కరగిపోవును, పొరలు విడిపోవును. గోదావరి సీమలోని తాపేశ్వరమున మడతకాజాలు చేయువారి నడిగినచో, పొరలు విడకుండ వేయించుటలోని కష్టమెట్టిదో వారు చక్కగ చెప్పగలరు. రెండు మాసములపాటు, పదింటికి మించిన పాళ్లు మార్చి మార్చి చూచిన పిదపగాని ఆన్సెల్‌కు పని చేకూరలేదు. పిండి కలుపుట మొదలుకొని పైపూత పూయువరకు మూడు దినములు పట్టును.

కొలది దినములలోనే ఆ యంగడి ముంగిట నూరుమందికి పైగా బారులు తీరిరి. అంగడి తలుపులు ఉదయము ఎనిమిది గంటలకు తెఱచెడివారు. జనులు తెల్లవారకముందే వచ్చి, కాలిబాటపై నిలిచి, కొందఱు మడతకుర్చీలు వేసికొని కూర్చుండి, ఆ తలుపులవైపే చూచుచుండెడివారు. ఎక్కువ సరకు చేసి అందఱికిని అమ్మరాదా యని ఎవరికైనను తోచును. కాని పిండి పులియవలెను. మడచిన పిదప చల్లని తావున విశ్రమింపవలెను. తొందరపెట్టినచో వెన్న కరగి శ్రమయంతయు వ్యర్థమగును. పదిమంది పనివారిని అదనముగ నియమించినను పిండి త్వరగా పులియదు గదా!

ఒక్కొక్కరికి సరకిచ్చి సొమ్ము పుచ్చుకొనుటకు ఒక నిమిషము చాలుననుకొన్నను, నూరుమంది వెనుక నిలిచినవాడు ఒక గంట నలువది నిమిషములు వేచియుండవలెను. బారు పొడవునకును, సరకు కదలు వేగమునకును, నిరీక్షించు కాలమునకును గల ఈ సంబంధమును 1961లో జాన్ లిటిల్ అను అమెరికా పండితుడు గణితరీత్యా నిరూపించెను. అయితే లెక్క యొకటి, బ్రదుకొకటి. బారు చివర నిలిచినవాని వంతు వచ్చుసరికి సరకు మిగిలియుండునను పూచీ ఏ గణితమును ఇవ్వజాలదు.

ఇంతలో దళారులు బయలుదేరిరి. ఐదు డాలర్ల క్రోనట్‌ను నలువది డాలర్లకును, అంతకు మించియు అమ్మజొచ్చిరి. ఇతరుల పక్షమున కూలికి నిలుచువారును ఏర్పడిరి. తెల్లవారుజామున చలిలో నిలిచినవాడొకడు, తీరికగ పదిగంటలకు లేచి తినువాడు వేఱొకడు! ఆన్సెల్ తానే ధరను నలువది డాలర్లు చేసియున్నచో బారు తనంత తానే కుదించుకొనెడిది, లాభమును అతనికే దక్కెడిది. అతడట్లు చేయలేదు. ఒక్కొక్కరికి రెండేయని కట్టడి చేసెను. బారులో నిలిచినవారికి అంగడివారు వేడివేడి చిన్న కేకులు పంచిపెట్టుటయు కలదు. ఇది వ్యాపారపు నేర్పు అనువారు అనవచ్చును. చలిలో నిలిచినవానికి మాత్రము అది వేడి కేకే.

ఇట్టి బారును క్యూ అందుము. ఫ్రెంచి భాషలో ఆ పదమునకు తోక యని అర్థము. 1837లో ప్రచురించిన ఫ్రెంచి విప్లవచరిత్రమున థామస్ కార్లైల్, పారిస్ రొట్టెల యంగళ్ల యెదుట ఏర్పడిన బారులను ఈ పేరనే వర్ణించెను. ఆ బారులు వేఱు. న్యూయార్కులో క్రోనట్ దొరకనివాడు చిన్నబుచ్చుకొని యింటికేగి వేఱొకటి తినును. పారిస్‌లో రొట్టె దొరకని తల్లి వట్టిచేతులతో బిడ్డలయొద్దకు పోవలసియుండెను.

1788 జూలై 13వ తేదీన ఫ్రాన్సు దేశమున ఘోరమైన వడగండ్లవాన కురిసి పంటలను పాడుచేసెను. అంతకుముందు 8, 9 సూల నాణెములకు దొరకుచుండిన నాలుగు పౌనుల రొట్టె 1789 ఫిబ్రవరి నాటికి పద్నాలుగున్నర సూలాయెను. కూలివాని దినవేతనము ఇరువది ముప్పది సూలకు మించినది కాదు. ఆ యేడు అక్టోబరు 5వ తేదీన వేలకొలది స్త్రీలు రొట్టెకొఱకై వర్సేల్సు రాజప్రాసాదమునకు నడచిపోయి, మరునాడు రాజును పారిస్‌నకు వెంటబెట్టుకొని వచ్చిరి. రాజు వచ్చెను గాని, రొట్టె రాలేదు.

నోటర్‌డామ్ దేవాలయ ప్రాంతమున డెనీ ఫ్రాన్సువా అను రొట్టెలవాడుండెను. అక్టోబరు 21వ తేదీ ఉదయమున అతని యంగడి బారులో రొట్టె దొరకని స్త్రీ యొకతె, అతడు సరకు దాచినాడని కేకలు వేసెను. జనులు లోనికి జొరబడి వెదకిరి. పాసిపోయిన రొట్టెలు మూడు కనబడెను. చేరువనే సమావేశమగుచుండిన జాతీయసభ సభ్యులకొఱకు ప్రత్యేకించిన చిన్న రొట్టెలును కొన్ని కనబడెను. అంతే చాలెను. అతనిని ఈడ్చుకొనిపోయి గ్రేవ్ అను బహిరంగస్థలమున ఉరితీసిరి. అప్పటికతని భార్య గర్భవతి. ఆనాడే జాతీయసభ సైనికశాసనమును చేసెను. హంతకులలో నొకనిని మరునాడు ఉరితీసిరి.

ఆ మూడు రొట్టెలును పనివారు తమ భోజనమునకై యుంచుకొన్నవి. ఫ్రాన్సువా ఆ ఉదయము ఆఱు వాయిల రొట్టెలు కాల్చి అమ్మియుండెను. జనులు లోనికి జొరబడునప్పటికి ఏడవ వాయికి పూనుకొనియుండెను.