నిచ్చెన అందరిది
మేటి డైవర్ల జీవితములు నేర్పు పాఠములు

మోట బావి గట్టుమీదినుండి దుమికి ఈత నేర్చినవారు మన పంచాయతి సభ్యులలో ఎందరో కలరు. నడుమునకు బెండ్లు కట్టుకొని, పెద్దవారు తోడుండగా, మొదటిసారి నీటిలోనికి దుమికిన నాటి గుండెదడ వారికి జ్ఞాపకముండక మానదు. ఆ దుముకుటనే నియమములు గల విద్యగా తీర్చి ప్రపంచ దేశములవారు పోటీలు జరుపుచున్నారు. దానిని డైవింగు అందురు. ఈ పోటీలలో కీర్తి గడించిన కొందరి జీవితములను ఈ నెల మా పాఠకుల ముందుంచుచున్నాము. ఇవి కేవలము ఆటగాండ్ర కథలు కావు. గ్రామపు ఉమ్మడి సొత్తును కాపాడు బాధ్యత గలవారు ఆలోచింపదగిన విషయములు వీనిలో కలవు.

పోటీ జరుగు తీరు

ఈ పోటీలు ముఖ్యముగా రెండు విధములు. నీటికి 3 మీటర్ల ఎత్తున, కాలు మోపి అదిమినచో పైకి ఎగురవేయు స్ప్రింగు పలకనుండి దుముకుట ఒకటి. 10 మీటర్ల ఎత్తున కదలని వేదికనుండి దుముకుట రెండవది. క్రిందికి వచ్చులోపల పిల్లిమొగ్గలు వేసి, దేహమును మెలిత్రిప్పి, నీరు చిందకుండ నిలువుగా మునుగవలెను. ఏయే దుముకులు చేయునో ఆటగాడు ముందుగనే వ్రాసి ఇయ్యవలెను. మార్కులు వేయుటకు పలువురు న్యాయనిర్ణేతలుందురు. వారి మార్కులలో మిక్కిలి హెచ్చైనవానిని, మిక్కిలి తగ్గినవానిని విడిచి, మిగిలినవాని మొత్తమును ఆ దుముకు ఎంత కష్టమైనదో తెలుపు అంకెతో గుణింతురు. ఫలితము ఏ ఒక్కని ఇష్టానిష్టములకు లోబడకుండుటకే ఈ ఏర్పాటు.

ఇంత న్యాయముగా మార్కులు వేయు ఆటలో సయితము, పోటీకి రాకముందే కొందరికి నిచ్చెన ఎక్కు వీలు లేకుండెను.

ఇసుక గుంటలో సాధన

శామీ లీ 1920లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. తల్లిదండ్రులు కొరియానుండి వలస వచ్చినవారు. 1932లో లాస్ ఏంజిలిస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు ఆయనకు పండ్రెండేండ్లు. వీథులలో ఎగురు జెండాలను చూచి, తానును ఒకనాడు ఒలింపిక్ విజేత కావలెనని ఆ బాలుడు నిశ్చయించుకొనెను.

కాని సాధన చేయుటకు కొలను ఏది? పసడీనా నగరపు ఉమ్మడి ఈతకొలనులోనికి తెల్లవారు కానివారిని వారమునకు ఒక్క దినము మాత్రమే రానిచ్చుచుండిరి. ఆ దినము ముగిసిన పిదప నీటినంతయు తీసివేసి, తెల్లవారికొరకు క్రొత్త నీరు నింపుచుండిరి! ఈ మాట చదివినపుడు మన గ్రామములలోని కొన్ని బావుల చరిత్ర సభ్యులకు జ్ఞప్తికి రాకపోదు.

శామీ లీ నిరాశ చెందలేదు. ఆయన శిక్షకుడు తన ఇంటి పెరటిలో గుంట త్రవ్వించి ఇసుకతో నింపెను. తక్కిన దినములలో లీ ఆ ఇసుకలోనికే దుముకుచు సాధన చేసెను. ఇసుకమీదినుండి ఎగురుటకు ఎక్కువ బలము కావలెను గాన, ఆయన కాళ్ళు గట్టిపడెను. చదువును విడువక 1947లో వైద్య పట్టము పొందెను. 1948లో లండన్ ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల వేదికనుండి దుమికి స్వర్ణ పతకము గెలిచెను. 1952లో హెల్సింకీలో, సరిగా తన 32వ జన్మదినమున, ఆ పతకమునే మరల సాధించెను.

ఆ 1948వ సంవత్సరముననే స్త్రీల పోటీలలో పలకనుండియు, వేదికనుండియు రెండు స్వర్ణ పతకములను గెలిచిన విక్టోరియా డ్రేవ్స్ తండ్రి ఫిలిప్పీను దేశీయుడు, తల్లి ఇంగ్లీషు స్త్రీ. శాన్ ఫ్రాన్సిస్కోలో శిక్షణ సంఘమున చేరుటకు ఆమె తండ్రి పేరు దాచి, తల్లి పుట్టింటి పేరు పెట్టుకొనవలసి వచ్చెను.

వీరిద్దరు గెలిచిరి. కాని ఇసుక గుంట దొరకక, పేరు మార్చుకొనుటకు మనసొప్పక వెనుదిరిగినవారెందరో! వారి లెక్క ఏ పుస్తకములోను లేదు. ఒకరు అడ్డంకిని దాటిరి గదా యని అడ్డంకిని మెచ్చుకొనరాదు.

దెబ్బ తగిలిన పిమ్మట

శామీ లీ తాను నేర్చినదానిని తనతోనే ఉంచుకొనలేదు. ఆయన శిక్షణ ఇచ్చినవారిలో గ్రెగ్ లుగానిస్ ఒకడు. చిన్ననాడు నత్తి, చదువులో తడబాటు గల ఈ బాలుడు 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో పదునారేండ్ల వయస్సున రజత పతకము పొందెను. 1980లో మాస్కో క్రీడలను అమెరికా బహిష్కరించుటచే అవకాశము తప్పెను. 1984లో లాస్ ఏంజిలిస్‌లో రెండు స్వర్ణములు గెలిచెను.

1988 సెప్టెంబరులో సియోల్ నగరమున, పలక పోటీ తొలి దశలో, వెనుకకు తిరుగు పిల్లిమొగ్గ వేయుచుండగా ఆయన తల పలక అంచునకు తగిలెను. గాయమునకు కుట్లు వేసిరి. కొద్దిసేపటికే ఆయన మరల నిచ్చెన ఎక్కి, కష్టమైన మరియొక దుముకును ఆ దినమున అందరికంటె హెచ్చు మార్కులతో పూర్తిచేసెను. మరునాడు స్వర్ణము, కొలది దినములకు వేదిక పోటీలో మరియొక స్వర్ణము ఆయనకు దక్కెను.

ఆ వేదిక పోటీలో ఆయన గెలిచినది 1.14 మార్కుల తేడాతో మాత్రమే. ఓడినవాడు చైనా దేశపు పదునాలుగేండ్ల బాలుడు షియోంగ్ నీ. అతడు 1992లో కాంస్యముతో సరిపెట్టుకొని, 1996లో స్ప్రింగు పలక పోటీలో స్వర్ణము గెలిచెను. 2000లో సిడ్నీలో ఆ పతకమునే 0.30 మార్కుల తేడాతో నిలుపుకొనెను. వెంట్రుకవాసిలో ఓడినవాడు పండ్రెండేండ్లకు వెంట్రుకవాసిలో గెలిచెను.

మన కర్తవ్యము

తప్పినపుడు మరల నిచ్చెన ఎక్కుట ఆటగాని పని. నిచ్చెనను అందరికిని అందుబాటులో నుంచుట ప్రజా సంస్థల పని. పంచాయతి సభ్యులు ఈ రెండవ పనికి ఎన్నుకొనబడినవారు.

1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగమున 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. 15వ అధికరణము మరింత వివరముగా చెప్పినది. ప్రభుత్వ ధనముతో నడుపబడు, లేక ప్రజల ఉపయోగమునకు వదలబడిన బావులు, చెరువులు, స్నానఘట్టములు, రోడ్లు, ప్రజలు చేరు తావులు మున్నగువానిని వాడుకొనుటలో కులము, మతము, జాతి, లింగము, పుట్టిన చోటు కారణముగా ఎవరినీ అడ్డరాదు. పసడీనా కొలనువద్ద జరిగినది మన దేశమున రాజ్యాంగ విరుద్ధము.

కావున సభ్యులు ఒక్కసారి తమ గ్రామమంతయు నడచి చూడవలెనని మేము కోరుచున్నాము. మంచినీటి కుళాయివద్ద, ఆటస్థలమున, గ్రంథాలయమున, శ్మశానమునకు పోవు దారిలో, పైకి తెలియని అడ్డు ఏదైన ఉన్నదా? ఆడపిల్లలు ఆటస్థలమునకు వచ్చుచున్నారా? చట్టమున లేని గీత వాడుకలో మిగిలియున్నచో, దానిని చెరుపుట సభ్యుల వంతు.

మరియొక హెచ్చరిక. పోటీలలో 10 మీటర్ల వేదిక క్రింద నీరు సుమారు 5 మీటర్ల లోతుండును. బావిలోగాని చెరువులోగాని లోతు తెలియక, అడుగున రాయి ఉన్నదో మొద్దు ఉన్నదో చూడక తలక్రిందుగా దుముకుట ప్రాణాపాయము. వేసవిలో పిల్లలు ఈతకు పోవు చోట్ల లోతు కొలిపించి పలక నాటించుటయు, ఈత వచ్చిన పెద్దవారిని కాపుంచుటయు పంచాయతికి పెద్ద ఖర్చు కాదు.

శామీ లీ 2016లో, 96 ఏండ్ల వయస్సున కాలధర్మము చెందెను. ఆయనకు ఇసుక గుంట త్రవ్వి ఇచ్చిన శిక్షకుని ఔదార్యము గొప్పది. అంతటి ఔదార్యము అవసరమే లేని గ్రామము అంతకంటె గొప్పది. అట్టి గ్రామమును నిర్మించు అధికారము మన సభ్యుల చేతిలో కలదు.