దూదితో పేలుడు: బల్లమీది యుద్ధరంగానికి కాస్త భౌతికశాస్త్రం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైళ్లతో పెరిగిన ఊరు. 1891లో బెంగాల్ నాగపూర్ రైల్వే వారి నాగపూర్–అసన్‌సోల్ మార్గం ఈ ఊరి మీదుగా పూర్తయింది. తర్వాత అదే సంస్థ రైళ్లు వాల్తేరు వరకూ నడిచాయి. అలా రైల్వే ఉద్యోగాలతో వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం.

ఇలాంటి ఊళ్లో సెలవుల్లో పిల్లలు బల్లమీద బొమ్మల యుద్ధం ఆడాలనుకున్నారని అనుకుందాం. చిన్న సైనికులు, ట్యాంకులు, అట్టతో కట్టిన ఇళ్లు, పాచికలు సిద్ధం. ఇది కొత్త ఆటేమీ కాదు. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్జ్ ఇలాంటి ఆటను అధికారుల శిక్షణ కోసం ప్రవేశపెట్టాడు. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడే నియమాలను పుస్తకంగా తెచ్చాడు. ఈ ఆటలో ఒక ట్యాంకు దెబ్బతింటే దానిమీద పేలుడు బొమ్మ పెడతారు. ‘ఇది ఇక కదలదు’ అని అందరికీ దూరం నుంచే తెలియడానికి అది గుర్తు.

ఆ బొమ్మను ఇంట్లోనే చేసుకోవచ్చు. కానీ పేలుడు బొమ్మ చేయడానికి నిప్పు గానీ, టపాకాయల మందు గానీ అక్కర్లేదు. పేలుడు ఎలా కనిపిస్తుందో, ఎందుకలా కనిపిస్తుందో తెలిస్తే చాలు.

ముందు ఏ పేలుడో తేల్చుకోండి

సినిమాల్లో ప్రతి పేలుడూ నారింజరంగు మంటగోళమే. అక్కడ పెట్రోలు వంటి ఇంధనాన్ని కాలుస్తారు కాబట్టి అలా కనబడుతుంది. నేలమీద పడిన ఫిరంగి గుండు పేలినప్పుడు వెలుగు రెప్పపాటు కూడా ఉండదు. ఆ తర్వాత కంటికి కనిపించేది పైకి ఎగజిమ్మిన మట్టి, దుమ్ము. అది కింద సన్నగా, పైన వెడల్పుగా, గరాటులా లేస్తుంది.

అందువల్ల పొలంలో పడిన గుండుకు మట్టిరంగు గరాటు చేయాలి. ఇంధనపు ట్యాంకు అంటుకుంటే లోపల మంట, బయట నల్లటి పొగ ఉన్న గుండ్రని మేఘం చేయాలి. ఈ తేడా పాటిస్తే మీ యుద్ధరంగం సగం నిజమైనట్టే.

పొగ ఎందుకు నల్లన? ఆవిరి ఎందుకు తెల్లన?

ఇంధనానికి సరిపడా ఆక్సిజన్ అందకపోతే కార్బన్ పూర్తిగా కాలదు. మిగిలిన సన్నని కార్బన్ రేణువులే మసి. మసి వెలుతురును పీల్చుకుంటుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది. మనం తెల్లగా చూసే ఆవిరి నిజానికి చిన్న చిన్న నీటిబిందువుల గుంపు. అవి వెలుతురును పీల్చవు, అన్ని వైపులకూ చెదరగొడతాయి. పాత బొగ్గు ఇంజన్ల ఫొటోల్లో పొగగొట్టం దగ్గరి నలుపు, సిలిండర్ల దగ్గరి తెలుపు ఈ తేడానే చూపిస్తాయి.

మంట రంగు వేడిని బట్టి మారుతుంది. మసి రేణువులు సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముదురు ఎరుపుగా, 1000 దాటితే నారింజగా, ఇంకా వేడెక్కితే పసుపుగా, చివరకు తెలుపుకు దగ్గరగా వెలుగుతాయి. రైలు పట్టాలను అతికే థర్మిట్ వెల్డింగ్‌లో ఉష్ణోగ్రత 2000 డిగ్రీలు దాటుతుంది. అక్కడి వెలుగు కళ్లు చెదిరే తెలుపు. కాబట్టి బొమ్మలో నడిమధ్య పసుపు, దాని చుట్టూ నారింజ, తర్వాత ముదురు ఎరుపు, చివర నలుపు రావాలి. చాలామంది ఈ వరుసను తిరగేసి, బయటంతా ఎర్రరంగు పూస్తారు. అప్పుడది మంటలా కాక పువ్వులా కనిపిస్తుంది.

ఆకారం సంగతి

వేడి వాయువు చుట్టూ ఉన్న గాలికంటే తేలిక. అందుకే పైకి లేస్తుంది. లేచేటప్పుడు దాని అంచులు గాలి రాపిడికి వెనకబడి, బయటి నుంచి కిందికి, లోపలి నుంచి పైకి చుట్టుకుంటాయి. ఇదే సుడి వలయం. మేఘం పైభాగం పుట్టగొడుగులా విచ్చుకోవడానికి, గోబీపువ్వులా బుడిపెలు బుడిపెలుగా ఉండటానికి ఇదే కారణం. దూదిని నున్నగా ఉండచేయకుండా, చిన్న చిన్న ఉండలుగా చేసి పక్కపక్కన అంటించాలి.

ఇక కొలత. 1:72 స్కేలులో 1.8 మీటర్ల మనిషి 2.5 సెంటీమీటర్ల బొమ్మ అవుతాడు. 10 మీటర్ల మంటగోళం దాదాపు 14 సెంటీమీటర్లు. మరో విషయం: మంటగోళం అడ్డుకొలత రెండింతలు కావాలంటే, రెండింతల మందు చాలదు. సుమారు ఎనిమిదింతలు కావాలి. ఎందుకంటే పరిమాణం అడ్డుకొలత ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి చిన్న బాంబుకు పెద్ద మేఘం పెట్టేముందు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

చేసే విధానం

కావలసినవి: పాత సీడీ, సన్నని తీగ, దిండ్లలో నింపే పాలిస్టర్ దూది, ఫెవికాల్, పోస్టర్ కలర్లు, దీపావళికి అమ్మే బ్యాటరీ దీపం.

1. సీడీ మధ్యలో బ్యాటరీ దీపాన్ని అంటించండి. బ్యాటరీ మార్చే మూత కిందివైపు అందేలా ఉండాలి.

2. మూడు తీగ ముక్కలను కింద మెలితిప్పి, పైన విడదీయండి. దూదికి ఇదే ఎముకలగూడు.

3. దూదిని వేళ్లతో పలచగా సాగదీసి, తీగల చుట్టూ వదులుగా చుట్టండి. దీపం వెలుతురు పోగుల మధ్య పదేపదే చెదిరి, ఒక్క చుక్కలా కాక లోపలినుంచి మొత్తం వెలిగినట్టు కనిపిస్తుంది. గట్టిగా నొక్కితే ఈ అందం పోతుంది.

4. రంగును కుంచెకు తీసుకుని, ముందు కాగితంమీద దాదాపు ఆరే వరకు తుడిచి, అప్పుడు దూదికి తాకించండి. తడి ఎక్కువైతే నీటి తలతన్యత పోగులను దగ్గరకు లాగుతుంది, మేఘం ముద్దయిపోతుంది. తడిసిన తలవెంట్రుకలు జడలు కట్టేది కూడా ఇందుకే.

5. దుమ్ము గరాటుకు దీపం అక్కర్లేదు. సీడీమీద ఫెవికాల్ పూసి, జల్లించిన పొడిమట్టి చల్లితే గుండు పడిన చోటు తయారవుతుంది.

ఈ నాలుగూ మరిచిపోవద్దు

దూది సులువుగా అంటుకుంటుంది. పాలిస్టర్ అయితే కరిగి చర్మానికి అతుక్కుని కాలుస్తుంది. అందుకే లోపల నూనెదీపం, అగరొత్తి, ఫిలమెంటు బల్బు ఎప్పుడూ పెట్టకూడదు. ఫిలమెంటు బల్బు తీసుకునే విద్యుత్తులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. చిన్న ఎల్‌ఈడీ దీపానికి ఆ బెడద లేదు.

బ్యాటరీ దీపాల్లో ఉండే బటన్ సెల్‌ను చిన్నపిల్లలు మింగితే, అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చగలదు. మూతకు స్క్రూ ఉన్న దీపాన్నే కొనండి. పిల్లవాడు మింగాడన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

థర్మోకోల్ కొండమీద స్ప్రే పెయింటు కొట్టకండి. అందులోని ద్రావణి థర్మోకోల్‌ను కరిగించేస్తుంది.

టపాకాయలు విప్పి మందు తీయడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. ఆ మందుకు రాపిడి చాలు, నిప్పు అక్కర్లేదు.

మీరే చేసి చూడండి

ఒకే కొలతలో రెండు మేఘాలు చేయండి. ఒకదానికి పసుపు లోపల, నలుపు బయట. రెండోదానికి దీన్ని తిరగేయండి. గదిలో దీపాలు ఆర్పి, ఏది ఏమిటో చెప్పకుండా ఇంట్లోవాళ్లను అడగండి: వీటిలో నిజమైన మంటలా ఉన్నదేది? వాళ్లు ఏది చూపినా, ఎందుకని అడగండి. ఆ జవాబులోంచి వేడికీ రంగుకీ ఉన్న సంబంధం గురించి మాట మొదలవుతుంది. ఈసారి కొలువులో లంకాదహనం పెట్టినా, అక్కడి పొగకూ ఇదే సూత్రం.